తీరిక పని కాదు

 

పట్టభద్రులారా, మీలో కొందరి ఫీజులు లేసు అల్లి కట్టినవే. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. వంట కాగానే అరుగు మీద కూర్చుని, చూపుడువేలికి దారం చుట్టుకుని, కొస వంకీ తిరిగిన సూదితో గొలుసు మీద గొలుసు వేసే అమ్మను చూస్తూనే పెరిగారు. చేతిపనివాళ్లు పువ్వులు అల్లుతారు. అతుకుపనివాళ్లు వాటిని కలిపి టేబుల్‌క్లాత్ చేస్తారు. అది ఏ దేశంలో ఎవరి బల్ల మీదికి చేరుతుందో ఇద్దరికీ తెలియదు.

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని ఇది. పెట్టుబడి అక్కర్లేదు, దారం ఏజెంటే తెచ్చిస్తాడు. పిల్లాడు ఏడిస్తే పక్కన పెట్టి, మళ్లీ అందుకోవచ్చు. పంట మునిగిన ఏడాది, మగదిక్కు లేని ఇంట, బియ్యానికీ పుస్తకాలకీ ఈ డబ్బే ఆదుకుంది.

ఆ వెసులుబాటే అల్లే ఆమెకు ఎదురు తిరిగింది. ఇంట్లో చేస్తోంది కనుక తీరిక పని అన్నారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ఊళ్లు తిరిగి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ ప్రచురించారు. అప్పట్లో రోజు సంపాదన సగటున 56 పైసలని ఆమె లెక్క తేల్చారు. పొలం కూలికి నిర్ణయించిన కనీస వేతనంలో మూడో వంతు కూడా కాదది! ఎగుమతి చేసినవాడు వ్యాపారి అయ్యాడు, అల్లినామె గృహిణిగానే మిగిలింది. నాకు బాధ కలిగించేది ‘గృహిణి’ అన్న ఆ మాటే.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎంతో సంతోషం. అది ఊరి పేరును కాపాడుతుంది, కూలి రేటును మాత్రం పెంచదు. ఆ పని మీరు చేయాలి.

రేపు సర్వేకు వెళ్లి ‘గృహిణి’ అని రాయబోయే ముందు, ‘రోజుకు ఎన్ని గంటలు అల్లుతారమ్మా?’ అని అడగండి. బ్యాంకులో కూర్చుంటే ఆ గంటల్ని ఆదాయం కింద లెక్కగట్టి అప్పివ్వండి. ఎగుమతిలోకి దిగేవాళ్లు ఆమె పక్కన గడియారం పెట్టుకుని, ఒక్క పువ్వుకు ఎంతసేపు పడుతుందో చూశాకే ధర రాయండి. ఏళ్ల తరబడి సన్నదారం మీదే చూపు నిలిపే కళ్లు అవి. కళ్లజోడు ఖర్చు కూడా ఆ ధరలోనే కలపండి.