గార పళ్ల ఫైలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, లైఫ్ సర్టిఫికెట్ల సంగతి కార్యదర్శి గారు వివరంగా చెప్పారు. నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, జీవితమంతా ఫైళ్లు నడిపిన గుమాస్తాను. అందుకని ముప్పై ఏళ్లు నడిచిన ఒక ఫైలు కథే చెబుతాను. అది పళ్ల మీది గారకు సంబంధించినది.

1901లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడే పుట్టి పెరిగిన వారి పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు చూశాడు. ఎంత తోమినా పోవు. తాను చదివిన పుస్తకాలలో వాటి ఊసు లేదు. ఊరివారు అలవాటుపడి అడగడం మానేశారు, మెక్‌కే మానలేదు. ఆ రోజుల్లో దంతశాస్త్రానికి పెద్ద దిక్కయిన జి.వి. బ్లాక్‌ను 1909లో ఆ ఊరికి రప్పించాడు. బ్లాక్ 1915లో కన్నుమూసే దాకా ఈ పని వదలలేదు. ఇద్దరూ తేల్చినవి రెండు. ఈ మచ్చ పైన అంటిన మురికి కాదు, పన్ను తయారయ్యేటప్పుడే పింగాణీలో పడిన లోపం. పెద్దయ్యాక ఆ ఊరు వచ్చిన వారికి అది రాదు. రెండవది, మచ్చ ఉన్నా ఆ పళ్లు అంతగా పుచ్చవు.

1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ ఊరికి మెక్‌కే వెళ్లాడు. దూరపు వేడినీటి ఊట నుంచి గొట్టాలు వేసుకున్నాకే పిల్లలకు గార మొదలైందని తల్లిదండ్రులు చెప్పారు. నీటిని పరీక్షిస్తే ఏమీ దొరకలేదు. అయినా ఆ నీరు మానమని సలహా ఇచ్చాడు. వేరే ఊటకు మారిన కొన్నేళ్లకు చిన్నపిల్లలకు మంచి పళ్లు మొలిచాయి. చివరికి 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీటిలో ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాడు. పెండింగులో ఉన్న ఫైలుకు అప్పుడు జవాబు వచ్చింది.

ఇది మనకెందుకంటారా? 1937లోనే షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని ప్రకటించారు. నల్లగొండ గోస మీ అందరికీ తెలిసిందే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతంలోని పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగడం గురించి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు నిలిచింది. ఇక మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న ప్రధాని ప్రారంభించింది ఈనాటి మన సిద్దిపేట జిల్లాలోని కోమటిబండలోనే.

ఇప్పుడు అసలు మాట. బిడ్డ తల్లి గర్భంలో ఆరవ వారంలో ఉండగానే దవడలో పళ్లకు పునాది పడుతుంది. ఆరేడేళ్లకు కనిపించే ముందు పళ్ల పింగాణీ మాత్రం పుట్టిన కొన్నాళ్లకు మొదలై నాలుగైదేళ్ల లోపే తయారవుతుంది. ఆ పింగాణీని కట్టే కణాలు పన్ను మొలిచేటప్పటికి అంతరించిపోతాయి. కాబట్టి తర్వాత మరమ్మతు చేసే మేస్త్రీ ఉండడు. పాపకు రెండో ఏట తాగించిన నీరు ఏడో ఏట నవ్వులో కనబడుతుందన్న మాట. తల్లిదండ్రులు ఉద్యోగాలకు పోతే ఆ నీరు తాగించేది తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, అంటే మనమే.

మన నేల గ్రానైటు నేల. ఆ రాళ్లలోని ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీరు తియ్యగా ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ లేవు. మరగబెడితే పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మన దేశ ప్రమాణం, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు ఒప్పుకుంటారు. ఇంటి బోరు నీరు తాగేవారు ఒకసారి పరీక్ష చేయించి ఆ కాగితం భద్రపరచుకోండి. తాగడానికీ వంటకూ నల్లా నీరు, మిగతా పనులకు బోరు నీరు వాడుకోవచ్చు. పసిపిల్లల బ్రష్ మీద పేస్టు బియ్యపు గింజంత చాలు, మూడేళ్లు దాటాక బఠాణీ గింజంత. మింగకుండా ఉమ్మించండి.

ఇంకొక మనవి. గార పళ్ల ఆడపిల్లను చూసి పళ్లు సరిగా తోమదని అనేవారు, సంబంధం వద్దనేవారు ఇంకా ఉన్నారు. అది పిల్ల అశుభ్రత కాదు, ఊరి నీటి దోషమని దాదాపు వందేళ్ల కిందటే తేలింది. ఆ మాట మన ఇళ్లలోనైనా వినబడకుండా చూడవలసిన బాధ్యత మన వయసు వారిదే.

నల్లా వచ్చింది కదా అని ఈ ఫైలు మూసివేయకండి.