పిల్లల ఆయాసం - తల్లుల మీద నింద



కర్నూలు, కడప పల్లెల్లో బిడ్డకు ఆయాసం వస్తే మొదటి నింద తల్లి మీద పడుతుంది. తర్వాత రక్తపరీక్ష. ఇయోసినోఫిల్స్, ఐజీఈ, సీఆర్‌పీ అని మూడు అంకెలున్న చీటీ చేతిలో పెడతారు. వాటి అర్థం ఆమెకు చెప్పేదెవరు?

మొదటి రెండూ అలర్జీకి సూచనలు. అయితే కడుపులో పురుగులున్నా పెరగొచ్చు. సీఆర్‌పీ శరీరంలో ఎక్కడ వాపున్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. కాబట్టి ఈ అంకెలతోనే ఉబ్బసం ఉందనీ, రాబోతోందనీ తేల్చలేం. పిల్లికూతలు, రాత్రి దగ్గు, కుటుంబ చరిత్ర అడిగి, ఛాతీ పరీక్షించి తేల్చాలి.

చీటీలో కనిపించనివీ ఉన్నాయి. కందికట్టె, పత్తికట్టె పొగ. బేతంచెర్ల బండల దుమ్ము, మంగంపేట ముగ్గురాయి దుమ్ము. వంట, బిడ్డ రెండూ ఆడదాని పనే అన్నారు కనుక చంటిపిల్లలూ పొయ్యి దగ్గరే పెరుగుతారు. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు గ్యాస్ కనెక్షన్లిచ్చాయి. 2024లో దీపం-2 ఏటా మూడు సిలిండర్లు ఉచితమంది. నాలుగోదానికి డబ్బు ఎవరి చేతిలో ఉంది?

ఆడపిల్ల ఇన్‌హేలర్ వాడుతోందని తెలిస్తే పెళ్లి కాదని దాస్తారు, మాన్పిస్తారు. అది వ్యసనం కాదు; ఉబ్బసంలో శ్వాసనాళాల వాపును తగ్గించే మందులు పీల్చే రూపంలోనే బాగా పనిచేస్తాయి.

కనుక మన సంఘాలు మూడు అడగాలి: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇన్‌హేలర్లు ఎప్పుడూ ఉండాలి. పరీక్ష ఫలితాన్ని తల్లికి తెలుగులో వివరించాలి. రాళ్లు కోసేచోట నీళ్లు చల్లి దుమ్మును అణచాలి.