‘డిజైన్ ఫ్రీ’ అనే బోర్డు వెనక

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, “మీ వృత్తి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడండి. పిల్లలకు పనికొచ్చేలా ఉండాలి” అన్నారు. నాది డిజైన్ పని. 1996లో విజయవాడలో ఒక డీటీపీ సెంటర్‌లో నెలకు 800 రూపాయలకు చేరాను. పేజ్‌మేకర్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు హైదరాబాదులో నలుగురితో కలిసి చిన్న డిజైన్ ఆఫీసు నడుపుతున్నాను. రంగుల గురించీ అక్షరాల అందం గురించీ మాట్లాడితే మీకు హాయిగా ఉంటుంది. కానీ ఈ పిల్లల్లో కొందరు రేపు ఇదే పనిలోకి వస్తారు. వాళ్లకు పనికొచ్చే మాట అంటే, ఈ పనిలో చేతికొచ్చే జీతం గురించీ ఇంటికి చేరే వేళ గురించీ చెప్పాలి. అందుకే ఆ విషయమే ఎంచుకున్నాను.

డిజైనర్ అనగానే ముంబయిలో ఫ్యాషన్ షోలు గుర్తొస్తాయి. నేను మాట్లాడేది వాళ్ల గురించి కాదు. మన బజారులో పెళ్లికార్డు, కరపత్రం, ఫ్లెక్స్ తయారుచేసే కుర్రాడు, స్కూలు బ్రోచర్ చేసే అమ్మాయి, రియల్ ఎస్టేట్ వెంచర్ లేఅవుట్‌కు బొమ్మలు గీసేవాడు, ఆర్కిటెక్ట్ దగ్గర రాత్రిళ్లు ప్లాన్లు దిద్దే కొత్త గ్రాడ్యుయేటు, మాదాపూర్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఆర్టిస్టు, యూట్యూబ్ ఛానల్‌కు రోజుకు పాతిక థంబ్‌నెయిళ్లు చేసేవాడు. వీళ్లందరి పనీ డిజైనే. వీళ్లలో చాలామందికి పని వేళలుండవు, నియామక పత్రం ఉండదు, అదనపు గంటకు అదనపు డబ్బు ఉండదు.

ఇలా ఎందుకు జరుగుతోందో అర్థం కావాలంటే ఒక ఫ్లెక్స్ షాపు బిల్లు చూడండి. అందులో చదరపు అడుగుకు ఇంత అని ఉంటుంది. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు అంటే 32 చదరపు అడుగులు, దాన్ని రేటుతో గుణిస్తారు. ఫ్రేము కావాలంటే దానికి వేరే. డిజైన్‌కు ఎంత అన్న వరస మాత్రం ఆ బిల్లులో కనిపించదు. పైగా షాపు ముందు ‘డిజైన్ ఫ్రీ’ అని బోర్డు కూడా ఉంటుంది. కంప్యూటర్ ముందు మూడు గంటలు కూర్చుని, ఫోటోల్లో తలలు కత్తిరించి, ఎవరి ఫోటో పెద్దదో ఎవరిది చిన్నదో గొడవ రాకుండా సర్ది, అక్షరదోషాలు దిద్దిన మనిషి శ్రమకు ఆ బిల్లులో చోటే లేదు. బిల్లులో లేని పనికి జీతం ఎక్కడినుంచి వస్తుంది? యజమాని దాన్ని ప్రింటింగ్ లాభంలోంచి తీసి ఇవ్వాలి. పక్క షాపువాడు చదరపు అడుగుకు ఒక రూపాయి తగ్గించగానే ఆ లాభం కరుగుతుంది, దాంతోపాటు డిజైనర్ జీతమూ అక్కడే ఆగిపోతుంది.

మన చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. సైన్‌బోర్డు రాసే ఆర్టిస్టుకు అడుగుకు ఇంత, అక్షరానికి ఇంత అని రేటుండేది. నిచ్చెనెక్కి కుంచె పట్టుకున్న మనిషి కళ్లముందు కనిపించేవాడు కాబట్టి అతని శ్రమా కనిపించేది. బోర్డు కింద మూలన తన పేరు కూడా రాసుకునేవాడు. అతను ధనవంతుడయ్యాడని అనను, కానీ అతని పనికి ధర ఉందని ఊరంతటికీ తెలుసు. ఫ్లెక్స్ వచ్చాక కుంచె పోయింది, మూలన సంతకమూ పోయింది. “కంప్యూటరే చేస్తుంది కదా” అన్న మాట వచ్చింది.

ఆ తర్వాతి కష్టం కరెక్షన్లు. “తమ్ముడూ, ఒక్క చిన్న కరెక్షన్” అన్న మాట వినని డిజైనర్ ఉండడు. మేనమామ పేరు ముందు పెట్టాలి, రంగు ఇంకొంచెం నిండుగా ఉండాలి, మొదట చేసిందే బాగుంది అదే పెట్టెయ్. ఇలా పదకొండోసారికి రాత్రి పన్నెండవుతుంది. పదకొండు మార్పులకీ మొదటిరోజు చెప్పిన ధరే. మార్పుకు ఖర్చు లేనప్పుడు, ఏం కావాలో ముందే ఆలోచించుకోవాల్సిన అవసరం అడిగేవాళ్లకు ఉండదు. వాళ్లు ఆలోచించుకునే సమయం కూడా డిజైనర్ రాత్రిలోంచే పోతుంది. ఎన్నికలప్పుడు, పెళ్లిళ్ల ముహూర్తాలప్పుడు, స్కూలు అడ్మిషన్ల కాలంలో షాపులోనే పడుకునే కుర్రాళ్లను నేను చూశాను. నేనూ అలా పడుకున్నవాణ్నే.

లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక డిజైనర్ జీతం నెలకు 18,000 రూపాయలు అనుకుందాం. రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు. మొత్తం 208 గంటలు. గంటకు 86 రూపాయల 50 పైసలు పడుతుంది. అతను రోజుకు 12 గంటలు చేస్తే నెలకు 312 గంటలు. జీతం మారలేదు కాబట్టి గంటకు 58 రూపాయల లోపే. ఇప్పుడు అదనంగా చేసిన 104 గంటలకు చట్టం చెప్పినట్టు రెట్టింపు రేటు వెయ్యండి. సరిగ్గా ఇంకో 18,000 వస్తుంది. అంటే ప్రతినెలా అతను ఒక పూర్తి జీతం వదులుకుంటున్నాడు. అసలు అన్ని అదనపు గంటలు పనిచేయించడానికే చట్టం ఒప్పుకోదు, అది వేరే సంగతి.

ఇది చిన్న ఊళ్లలో, చిన్న షాపుల్లో మాత్రమే అనుకోకండి. ‘లైఫ్ ఆఫ్ పై’ సినిమాలో పులిని మీరంతా చూసే ఉంటారు. ఆ గ్రాఫిక్స్‌లో ప్రధాన భాగం చేసినది అమెరికాకు చెందిన రిథమ్ అండ్ హ్యూస్ అనే సంస్థ. దానికి మన హైదరాబాదులో కూడా స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. లోపల బహుమతి ఇస్తుంటే, బయట వందలాది ఆర్టిస్టులు నిరసన తెలుపుతున్నారు. బహుమతి అందుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ తమ సంస్థ కష్టాల గురించి చెప్పబోతుండగా సంగీతం మోగించి, మైకు ఆపేశారు.

అంత పేరున్న సంస్థ ఎందుకు దివాలా తీసింది? స్టూడియోలు సినిమా పనిని ముందే ఒక మొత్తం చెప్పి ఒప్పుకుంటాయి. దర్శకుడు మనసు మార్చుకుంటే పని పెరుగుతుంది, మొత్తం పెరగదు. మన ఫ్లెక్స్ షాపు పదకొండు కరెక్షన్ల కథే, కోట్ల రూపాయల్లో జరుగుతుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాటులో నటుడి చుట్టూ గీత గీసి వెనక ఉన్న దృశ్యాన్ని వేరుచేయాలంటే 120 ఫ్రేములు చూడాలి. దీన్ని రోటో పని అంటారు. మన దేశానికి ఎక్కువగా వచ్చేది ఇలాంటి పనే. అక్కడ షాటు మారితే ఇక్కడి కుర్రాడు మళ్లీ 120 ఫ్రేములూ చూడాలి. రేటు తక్కువని ఇక్కడికి వచ్చిన పని, ఇంకా తక్కువకు దొరికితే ఇంకో చోటికి పోతుంది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబయిలలోనూ వేలమంది ఆర్టిస్టులు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. చేసిన పనిలో లోపం ఉండి వాళ్ల ఉద్యోగాలు పోలేదు.

యజమానుల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నేనిప్పుడు ఆ కుర్చీలో కూడా కూర్చుంటున్నాను. “నేనూ రాత్రి పదింటిదాకా షాపులోనే ఉంటున్నాను, నాకు మిగిలేదెంత?” అని అడిగే చిన్న యజమాని అబద్ధమాడటం లేదు. కరెంటు బిల్లు, అద్దె, సాఫ్ట్‌వేర్ చందా ఎవరూ బాకీ పెట్టనివ్వరు. జీతం ఒక్కటే సాగదీయగలిగేది. కాబట్టి యజమానిని తిట్టి కూర్చుంటే ఇది తేలదు. బిల్లు రాసే పద్ధతి మారాలి. డిజైన్‌కు ఇంత, రెండు మార్పులవరకు అందులోనే, మూడో మార్పునుంచి ఒక్కోదానికి ఇంత అని వేరే వరస రాయాలి. మా ఆఫీసులో ఈ పద్ధతి పెట్టినప్పుడు మొదటి ఆరునెలల్లో కొందరు ఖాతాదారులు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు మాత్రం మ్యాటర్ సరిచూసుకుని పంపడం నేర్చుకున్నారు. సాయంత్రం ఏడింటికి మా ఆఫీసుకు తాళం పడుతోంది. ఎప్పుడైనా తొమ్మిదయితే ఆ గంటలు రిజిస్టర్‌లో ఎక్కుతాయి.

చట్టం ఏమంటుందో పిల్లలు తెలుసుకోవాలి. డీటీపీ సెంటర్, స్టూడియో లాంటివి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కిందికి వస్తాయి. వారానికి 48 గంటలు దాటిన పనికి మామూలు వేతనానికి రెట్టింపు ఇవ్వాలి. వారానికొక సెలవు ఇవ్వాలి. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి చేశాయి. ఇక సొంతంగా పనిచేసే ఫ్రీలాన్సర్లకు వేరే దారి ఉంది. ఉద్యమ్ పోర్టల్‌లో డబ్బు కట్టకుండానే సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు. అలా నమోదైన వాళ్లకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ పడుతుంది. ఈ ఒక్క మాట మర్యాదగా ఉత్తరంలో రాస్తే కదిలిన బాకీలు నాకు తెలుసు.

1971లో అమెరికాలో కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని నైకీ కంపెనీకి ఆ వంపు గీత గీసి ఇచ్చింది. ఆమెకు ముట్టింది 35 డాలర్లు. చాలా ఏళ్ల తర్వాత, 1983లో, కంపెనీ ఆమెకు ఉంగరం, కొన్ని షేర్లు ఇచ్చింది. అందరూ ఈ కథను 35 డాలర్ల కోసం చెబుతారు. నేను మరో సంగతి కోసం చెబుతాను. గంటకు 2 డాలర్లు అన్న లెక్క మీద ఆమె పని ఒప్పుకుంది. చదువుకునే పిల్ల పనికి కూడా గంటకు ఒక ధర ఉంది. మన దగ్గర పదేళ్ల అనుభవమున్న డిజైనర్‌ను నీ గంట ధర ఎంత అని అడిగితే, చాలామంది తెల్లముఖం వేస్తారు.

ఇప్పుడు ‘ఏఐ చేస్తుంది కదా’ అంటున్నారు. నిజమే, బొమ్మలు క్షణంలో వస్తున్నాయి. మా పని కొంత పోతుంది కూడా, దాన్ని దాచను. కానీ ఆ బొమ్మల్లో తెలుగు ఒత్తులు సరిగా పడ్డాయా, ముహూర్తం తేదీ సరిపోయిందా, ప్రెస్సుకు ఫైలు పనికొస్తుందా చూడాల్సింది మనిషే. తప్పు పడితే నిలదీసేదీ ఆ మనిషినే. బాధ్యత అతని మీద ఉంచి, ధర మాత్రం మిషన్‌దని చెప్పడం న్యాయం కాదు.

చివరగా మూడు విన్నపాలు చేసి ముగిస్తాను.

పిల్లలకు: డిజైన్ నేర్చుకోండి, మంచి పని. చేరిన మొదటి రోజునుంచి ఒక నోటుపుస్తకంలో ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి వెళ్లారో రాసుకోండి. జీతం, వేళలు, సెలవులు కాగితం మీద అడగండి, కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. “ముందు ఆరునెలలు ఉచితంగా చెయ్, నేర్చుకుంటావు” అన్నచోట, ఎవరు నేర్పుతారు, ఏం నేర్పుతారు అని అడగండి. చెప్పలేకపోతే అక్కడ నేర్పేది ఏమీ లేదు.

మాస్టార్లకు, టీచర్లకు: బొమ్మలు బాగా వేసే పిల్లవాడి తల్లిదండ్రులు మీ సలహా కోసం వస్తారు. లక్షల ఫీజు తీసుకునే యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చేముందు, అక్కడ చదివి మూడేళ్లయిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, జీతమెంత, ఇంటికెప్పుడు వెళ్తున్నారు అని కనుక్కోమని చెప్పండి. ప్రకటనలో ఉన్న ఫోటోలను నమ్మవద్దని చెప్పండి. దయచేసి పిల్లవాడి చేతిలో కళ ఉన్న సంగతిని మాత్రం తక్కువ చేయకండి.

తోటి పూర్వ విద్యార్థులకు: మీలో ఆసుపత్రులున్నవాళ్లు, కాలేజీలున్నవాళ్లు, వెంచర్లు వేసేవాళ్లు, అమెరికానుంచి ఇక్కడికి పని పంపేవాళ్లు ఉన్నారు. డిజైన్ చేయించుకునేది మీరే. పూర్తి మ్యాటర్ సరిచూసి ఒకేసారి పంపండి. మార్పులు చెప్పే బాధ్యత ఒక్క మనిషికే ఇవ్వండి. శనివారం రాత్రి పంపి సోమవారం పొద్దున కావాలని అడగకండి. బిల్లు వచ్చిన నెలలోపు కట్టండి. ‘డిజైన్ ఫ్రీ’ అన్న షాపులో కూడా, ఆ కుర్రాడికి డిజైన్ డబ్బు వేరేగా ఇస్తానని యజమానికి చెప్పండి. మొదట ఆశ్చర్యపోతాడు, తర్వాత రేటు చెబుతాడు. ఆ రేటు నలుగురు కడితే, మన బజారులో రేపటికి అదే అలవాటు అవుతుంది.

భోజనాల తర్వాత డ్రాయింగు గదిలో ఉంటాను. నియామక పత్రంలో ఏమేం ఉండాలో, బిల్లు ఎలా రాయాలో నమూనాలు తెచ్చాను. కావలసినవాళ్లు వచ్చి తీసుకోవచ్చు. సెలవు.