ముద్దుపేరు ముందే వచ్చేసింది, మరి అసలు పేరు?

పాప పుట్టిన మర్నాటి నుంచే ఇంట్లో అందరూ "సిరి, సిరి" అని పిలిచేస్తారు. బారసాల దగ్గర పడేసరికి కాగితాల మీద ఏ పేరు రాయించాలా అని తర్జనభర్జన మొదలవుతుంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

పాతరోజుల్లో ఇది తిరగేసి ఉండేది. అసలు పేరు ముందే ఖాయం, తాతగారిదో నాయనమ్మదో. కానీ మామగారి పేరు కోడలు పలకకూడదు. అత్తగారి పేరు పెట్టి పిల్లని తిట్టనూకూడదు కదా! అందుకే బుజ్జి, చిట్టి, పండు అని పిలుచుకునేవాళ్ళు.

కాబట్టి ముద్దుపేర్లు రెండు రకాలండి. కృష్ణ కిట్టు అవుతాడు, సుబ్రహ్మణ్యం సుబ్బు అవుతాడు. ఇవి అసలు పేరులోంచి పుట్టినవి. బుజ్జి, చిట్టి అలా కాదు, ఏ పేరుకైనా అతుకుతాయి. హీరో నాని అసలు పేరు నవీన్ బాబు. మీరు పిలిచేది బుజ్జి అయితే ఇక వెతుకులాటే అక్కర్లేదు, నచ్చిన పేరు పెట్టేయండి.

సిరి లాంటిదైతే అర్థం పట్టుకోండి. శ్రీ అనే మాటే తెలుగులో సిరి అయింది. అందుకని శ్రీనిధి, శ్రీవల్లి, శ్రీజ, ఏది పెట్టినా ఇంట్లో సిరి అనొచ్చు. లేదా శబ్దం పట్టుకోండి: చిన్నికి చిన్మయి, అమ్ముకి అమూల్య, పండుకి పాండురంగ.

మరి నక్షత్రం అక్షరం? హస్తకి పూ, ష, ణ, ఠ చెప్తారు. ణ, ఠ లతో పేరు ఎక్కడ దొరుకుతుందండీ? అందుకే చాలా ఇళ్ళల్లో నక్షత్రం పేరు బియ్యంలో రాసి, వ్యవహారానికి వేరే పేరు పెట్టుకుంటారు. పెద్దవాళ్ళ మాటా నిలబడుతుంది.

తొందరపడి ఆసుపత్రిలోనే ముద్దుపేరు రాయించేయకండి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి, కానీ పేరు లేకుండా కూడా చేయించొచ్చు. తర్వాత ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఒకసారి రాయించాక మార్చాలంటే మాత్రం ఆఫీసుల చుట్టూ తిరగాలి.

చివరిగా ఒక పరీక్ష. ఇంటిపేరుతో కలిపి, బళ్ళో హాజరు పిలిచినట్టు ఆ పేరు పైకి చదవండి. ముద్దుపేరు తీసేసినా అది బాగుండాలి. ఎందుకంటే పిల్ల పెద్దయ్యాక "నన్ను అలా పిలవద్దమ్మా" అనొచ్చు. ముద్దుపేరు మనం పిలుచుకోవడానికి, అసలు పేరు తను చెప్పుకోవడానికి.