ఆటపెట్టెకు వేడి చేసినప్పుడు

'వేడి చేసినది' అనుమాట మన యిండ్లలో నిత్యము వినబడునదే. మామిడిపండ్లు మితిమీరి తిన్న పిల్లవానికి వేడి చేయును, మజ్జిగ త్రాగింతుము. ఇప్పుడీ మాట టెలివిజను ప్రక్క నుండు ఆటపెట్టెకును వర్తించుచున్నది. గేమ్ కన్సోల్ అని పిల్లలు పిలుచు ఈ పెట్టె మొదట హోరుమని రొదచేయును. పిమ్మట ఆట మంచి పట్టులో నుండగా తనంత తానే ఆరిపోవును. దీనికి మజ్జిగ పనికిరాదు. చేయదగిన చికిత్స వేరొకటి కలదు.

నరసాపురము సంగతి తీసికొందము. వసిష్ఠ గోదావరి యొడ్డున నున్న ఊరు. సముద్రము దూరము కాదు. ఆ ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పనికి పోయినవారు పెక్కుమంది. అట్టివారెవరో సెలవులలో వచ్చుచు బిడ్డకు తెచ్చిన ఆటపెట్టె మూడు నాలుగేండ్లకు మూలబడినచో, నష్టము ధనముతో తీరునది కాదు. పిల్లవాని దృష్టిలో అది తండ్రి యిచ్చిన వస్తువు. అందువలన దానిని తుక్కువానికి వేయుటకు ముందు వేడి ఎచ్చట చిక్కుకొనుచున్నదో తెలిసికొనుట మంచిది.

మే మాసపు ఉక్కపోత మనలను బాధించినట్లు యంత్రమును బాధింపదు. మనకు చెమట పట్టును. ఫాను గాలికి ఆ చెమట ఆరి, శరీరము చల్లబడును. గాలిలో తేమ యెక్కువైనచో చెమట ఆరదు. యంత్రమునకు చెమటయే లేదు. దాని ఫాను చేయగలిగినదల్లా లోపలి వేడిని గదిలోని గాలికి అప్పగించుట. గదిలో 38 డిగ్రీల వేడి యున్నప్పుడు పెట్టె అంతకంటె చల్లబడదు. దానిలో పుట్టు వేడి ఆ 38 మీద చేరును. చలికాలమందు నెట్టుకొని వచ్చిన పెట్టె వేసవిలో ఆగిపోవుటకు కారణమిదియే.

ప్లేస్టేషను 4 వంటి పెట్టె ఆట నడచుచుండగా నూరు వాట్లకు పైబడిన విద్యుత్తును వాడుకొనును. అందులో పెద్దభాగము తపాలాబిళ్ళ యంత పలుకలో, అనగా ప్రాసెసరులో, వేడిగా మారును. ఆ వేడిని లాగివేయుటకు దానిపై హీట్ సింకు అను లోహపు రేకుల కట్టను బిగింతురు. రెండును నున్నగా కనబడును గాని, సూక్ష్మదర్శినిలో చూచినచో అన్నియు మిట్టపల్లములే. ఆ పల్లములలో గాలి నిలుచును. రాగి గాలికంటె పదివేల రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును. కనుక ఆ పలుచని గాలిపొరయే పెద్ద అడ్డంకి. దోసె పెనము నంటక పైకి లేచినచోట తెల్లగా, పచ్చిగా మిగులుట గృహిణులు ఎరిగినదే. గాలికి బదులు అచ్చట నింపునదే థర్మల్ పేస్టు. సాధారణముగా సిలికోను నూనెలో లోహభస్మములను మెదిపి దీనిని చేయుదురు. నిత్యము వేడెక్కుచు చల్లారుచు నుండుటచే కొన్నేండ్లకది అంచులకు జరిగిపోవును, లేదా ఎండి బీటలువారును.

రేడియో గల యిండ్ల వారికిది బొత్తిగా క్రొత్త సంగతి కాదు. వాల్వుల నాటి సెట్టుకు వెనుక చిల్లుల అట్ట యుండెడిది. వేడిగాలి పోవుట కది దారి. పిమ్మట వచ్చిన యాంప్లిఫయర్లలో పెద్ద ట్రాన్సిస్టరు క్రింద అభ్రకపు రేకును, తెల్లని గ్రీజును మెకానికులు వాడుచుండిరి. ఆ గ్రీజు ఈ పేస్టునకు పెద్దక్క. ఒక మాట: నరసాపురపు లేసు అల్లికలు ఎంత అందమైనవైనను, ఆటపెట్టెపై కప్పుటకు తగవు. చిల్లులున్నవిగదా యనుకొందురేమో! ఆ పెట్టె కోరునది ప్రక్కలను, వెనుకను జానెడు ఖాళీ.

పనికి పూనుకొనువారు ముందుగా హామీ గడువు ముగిసినదో లేదో చూచుకొనవలెను. ప్లగ్గు ఊడదీసి, పెట్టె చల్లారువరకు ఆగవలెను. మరలకు నక్షత్రాకారపు గుంట, నడుమ చిన్న మొలక యుండును. దానికి తగిన స్క్రూడ్రైవరే కావలెను. ఊడదీసిన మరలను కాగితముపై అదే వరుసలో నుంచుడు. మొదట దుమ్ము. చాలమారులు రోగమంతయు దుమ్ములోనే యుండును, పేస్టు జోలికి పోనక్కరయే యుండదు. గాలితో ఊదునప్పుడు ఫాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొనుడు. విద్యుత్తు నందించు డబ్బాను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను దానిలో షాకు దాగియుండవచ్చును.

హీట్ సింకును తీసి, పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన, నూగురాలని గుడ్డతో తుడువవలెను. నీరు కలిసిన 70 పాళ్ళ దానికంటె 90 పాళ్ళకు పైబడినది మేలు. క్రొత్త పేస్టు కందిగింజంత చాలును. ఎక్కువ వేసిన ఎక్కువ చల్లబడునని భ్రమపడరాదు. అది గాలికంటె మేలే గాని లోహముతో సరితూగదు, కనుక పలుచగా నుండుటయే కావలసినది. జ్ఞాపకపు చిప్పలపై నుండు మెత్తని పట్టీలను చింపక అట్లే యుంచుడు. మరలను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను.

ఈ వైద్యము అన్నిటికిని చెల్లదు. 2020లో వచ్చిన ప్లేస్టేషను 5లో పేస్టునకు బదులు ద్రవలోహమున్నది. అది విద్యుద్వాహకము, ఒక బొట్టు ప్రక్కకు జారినను పలకయే పోవచ్చును. దానిని నేర్పరికే వదలుట మంచిది. 2005లో విడుదలయిన ఎక్స్‌బాక్స్ 360 కథ వేరు. మూడు ఎఱ్ఱ దీపములు వెలిగి లక్షణమైన పెట్టెలు చచ్చుచుండగా, 2007 జూలైలో మైక్రోసాఫ్టు సంస్థ ఆ లోపమునకు హామీని మూడేండ్లకు పెంచి, 100 కోట్ల డాలర్లకు పైగా వ్యయమును తలకెత్తుకొనవలసి వచ్చినది. అచ్చట వేడిమి వలన లోపలి అతుకులే పగిలినవి. పెట్టెను తువాళ్ళతో చుట్టి మరింత వేడెక్కించు వింత వైద్యమును కొందరు చేసిరి. నాలుగు దినములు పనిచేసి మరల పడకవేసినవి. పగిలిన అతుకును పేస్టు అతుకజాలదు.

అన్నియు బిగించిన పిమ్మట ఒక గంట ఆటాడి చూడుడు. ఫాను రొద తగ్గి, పెట్టె నిలిచినచో పని ఫలించినట్లే. మరల ఆరిపోయినచో ఇంకొకసారి విప్పక, మెకానికు నొద్దకు కొనిపోవుడు. మిగిలిన పేస్టు గొట్టమునకు మూత గట్టిగా బిగించి దాచుడు. ఇంటిలో పాత లాప్‌టాప్ ఉన్నచో దానికిని పనికివచ్చును.