వెంకమ్మ మాట చెల్లని ఇల్లు

  1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు మొదటిసారి ఆడింది మొదలు, గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' నాటకం మీద ఈ ఊళ్ళో చర్చ ఆగలేదు. గిరీశం గురించీ మధురవాణి గురించీ పెద్దలు ఎంతో చెప్పారు. నేను ఈ సాయంత్రం ఎక్కువగా కృష్ణరాయపురం అగ్రహారంలో, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లోనే ఉంటాను. ఆ ఇంట్లో తండ్రికీ పిల్లలకీ మధ్య ఏం చెడిందో చూడందే ఈ నాటకం పూర్తిగా అర్థం కాదని నా నమ్మకం.

పెద్ద కూతురు బుచ్చమ్మ వితంతువై పుట్టింట్లో ఉంది. అది కళ్ళెదుట కనిపిస్తూనే ఉన్నా, చిన్నపిల్ల సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని ముసలి లుబ్ధావధాన్లుకి పద్ధెనిమిది వందల రూపాయలకు ఇవ్వడానికి అవధాన్లు మాట ఇచ్చేస్తాడు. భార్య వెంకమ్మ వద్దని ఏడుస్తుంది. బావమరిది కరటకశాస్త్రి తగదంటాడు. కేకలే జవాబు. చివరికి ఆవిడ నూతిలో పడుతుంది, బతికి బయటపడుతుంది. ఇల్లాలు అంత పని చేసినా ముహూర్తం ఆగదు. సుబ్బిని ఎవరూ ఏమీ అడగరు. పెళ్ళి ఆ పిల్లదే, దాని మీద ఆ పిల్లకు మాట లేదు.

ఇది కల్పనలోని ఒక్క మూర్ఖుడి సంగతి కాదు. 1897 నాటి తొలి కూర్పు పీఠికలో గురజాడ ఆనందగజపతి మహారాజు తయారు చేయించిన జాబితాను ప్రస్తావించారు. మూడేళ్ళలో లెక్కకు అందిన శుల్క వివాహాలు 1034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురి దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఇంకా పాలు మరవని బిడ్డకు వెల కట్టి పుచ్చుకున్న తండ్రి కూడా లోకం దృష్టిలో మర్యాదస్తుడే. బిడ్డను అమ్మే హక్కు తనకుందని ఆచారమే చెబుతుంటే, ఆ బిడ్డ ఏడుపు ఆయనకు పెంకితనంగానే వినిపిస్తుంది.

ఆ ఇంటి కొడుకు వెంకటేశం విషయానికి వద్దాం. పరీక్ష తప్పాడు. ఆ సంగతి ఇంట్లో చెబితే తండ్రి చంపేస్తాడన్న భయంతోనే తనకు చదువు చెప్పే గిరీశాన్ని వెంట తెచ్చుకుంటాడు. కోపిష్ఠి తండ్రి ఇంట్లోకి మోసగాడు అడుగుపెట్టింది కొడుకు భయం పట్టుకునే. ఇంగ్లీషులో మాట్లాడి చూపించమంటుంది వెంకమ్మ. ఇద్దరూ పొంతనలేని ముక్కలు వల్లిస్తారు. ఇక్కడ మనం నవ్వుతాం. కానీ ఆ కోరికలో నిజమైన తల్లిప్రేమ ఉంది. కొడుకు గొప్పవాడు కావాలని ఆమె మనస్ఫూర్తిగా కోరుకుంటుంది. కొడుకు ఏం చదివాడో, దేనికి భయపడుతున్నాడో తండ్రి మాత్రం ఒక్కసారి దగ్గర కూర్చోబెట్టుకుని అడగడు. ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన తెలుగు ఇళ్ళలో ఎందరో పిల్లలు ఆ వెంకటేశంలాగే వణుకుతున్నారు. అందరికీ అబద్ధమాడే తెలివి ఉండదు. కొందరు మనకు దక్కకుండానే పోతున్నారు.

తరాల సంఘర్షణ అంటే కొడుకు తండ్రికి ఎదురు నిలిచి వాదించడం అనుకుంటాం. ఈ నాటకంలో ఏ బిడ్డా తండ్రికి ఎదురు నిలిచి తన మాట నెగ్గించుకోలేదు. వెంకటేశం దాస్తాడు. బుచ్చమ్మ గిరీశంతో పారిపోతుంది. అమాయకురాలు వ్యామోహంలో పడిందని ఆమె గురించి తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. తాను గడప దాటితే చెల్లెలి పెళ్ళి ఆగుతుందన్న ఆశ ఆమెను కదిలించిన వాటిలో ఒకటి. కన్నతండ్రి చేయవలసిన రక్షణ అక్క తన బతుకు పణంగా పెట్టి చేయబోయింది. ఆ ఆశను గిరీశం తన అవసరానికి వాడుకున్నాడు. అంతమాత్రాన బుచ్చమ్మ ఉద్దేశం చిన్నదైపోదు.

లుబ్ధావధాన్లు ఇంట్లోనూ ఒక వితంతువు ఉంది, కూతురు మీనాక్షి. ఆమె రామప్పంతులు చేతికి చిక్కింది. కూతురి గతి అలా ఉండగా తండ్రి కొత్త పెళ్ళికి పిల్లను బేరమాడుతున్నాడు. ఒకడు కూతుర్ని అమ్మేవాడు, ఇంకొకడు కూతురి ఈడు కూడా లేని పిల్లను కొనేవాడు. ఈ రెండు ఇళ్ళనూ ఎదురెదురుగా నిలబెట్టడంలోనే గురజాడ చూపు ఎంత లోతైనదో తెలుస్తుంది. చివరికి వకీలు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. ఆమెకు దారి దొరికింది పుట్టింటికి అంత దూరంలో.

నాటకం ఆడే మిత్రులకు ఒక విన్నపం. 1909 నాటి పెంచిన కూర్పును పూర్తిగా ఆడడం కష్టం, కోత తప్పదు. ఆ కోతలో గిరీశం, మధురవాణి నిలుస్తారు. వెంకమ్మ గోడు పలచబడుతుంది. ఈసారి గిరీశం కబుర్లలోంచి కాస్త తగ్గించండి. వెంకమ్మ వద్దని అడ్డుపడిన ఘట్టాన్ని, నూతిలో పడ్డ సంగతితో సహా, పూర్తిగా ఉంచండి.