ఇంటింటి లెక్క: నల్లజాతి మహిళల నుంచి మన గ్రామసభ దాకా

(మాచర్లలో గిరిజన యువత సమావేశంలో చేసిన ప్రసంగం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వెనక చాపల మీద కూర్చున్న అవ్వలూ,

పొద్దుటి నుంచి ఈ బల్ల వెనక ఆరుగురం కూర్చున్నాం. అందులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. తప్పు పట్టటానికి కాదు, నన్ను మాట్లాడమన్న విషయం ఇక్కణ్ణుంచే మొదలవుతుంది కాబట్టి చెప్తున్నా. పర్యావరణ న్యాయం కోసం అమెరికాలో నల్లజాతి మహిళలు చేసిన పోరాటం. అంత దూరం ఎందుకక్కా అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. ఒకామె కథ చెప్తా, విను తమ్ముడూ.

షికాగో నగరం దక్షిణపు కొసన ఆల్ట్‌గెల్డ్ గార్డెన్స్ అనే కాలనీ ఉంది. 1940లలో నల్లజాతి కార్మికులకు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కుటుంబాలకు సర్కారే కట్టించింది. ఎక్కడ కట్టింది? అంతకుముందు మురుగూ వ్యర్థాలూ పోసిన నేల మీద. చుట్టూ ఉక్కు ఫ్యాక్టరీలు, చెత్త గుట్టలు, వ్యర్థాలు కాల్చే బట్టీలు. ఆ కాలనీలో ఉండే హేజెల్ జాన్సన్ దాన్ని టాక్సిక్ డోనట్ అనేది. మన భాషలో విషపు గారె అనుకోండి. చిల్లు ఉన్న చోట వీళ్ల ఇళ్లు.

1969లో ఆమె భర్త ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఏడుగురు పిల్లలు. కొన్నేళ్ల తర్వాత, నగరంలో క్యాన్సర్ ఎక్కువగా ఉన్నది తమ వైపే అని ఆమె చెవిన పడింది. ఆమె డాక్టరు కాదు, లాయరు కాదు. గడప గడపకూ పోయింది. మీ ఇంట్లో ఎవరికి జబ్బు, ఏం జబ్బు, ఎప్పట్నుంచి అని అడిగి లెక్క తీసింది. 1979లో 'పీపుల్ ఫర్ కమ్యూనిటీ రికవరీ' అనే సంఘం పెట్టింది. దగ్గర్లో ఇంకా పాడైన బావినీళ్లే తాగుతున్న కుటుంబాలకు నగరం నీళ్లు వచ్చేదాకా వదల్లేదు. ఇళ్లల్లో ఉన్న ఆస్‌బెస్టాస్ తీసెయ్యాలని కొట్లాడింది. 1994 ఫిబ్రవరి 11న అధ్యక్షుడు క్లింటన్ పర్యావరణ న్యాయం మీద ఉత్తర్వు సంతకం చేస్తుంటే ఆమె ఆ గదిలోనే ఉంది.

ఆ ఉత్తర్వు ఇప్పుడు లేదు. 2025 జనవరిలో ట్రంప్ రద్దు చేశాడు. ఒక సంతకంతో వచ్చింది, ఇంకో సంతకంతో పోయింది. ఆమె పెట్టిన సంఘం మాత్రం ఇంకా నడుస్తోంది.

లూసియానాలో షారన్ లవీన్ అని ఇంకో ఆమె, బడి పంతులమ్మ. ఫ్యాక్టరీల వరసతో క్యాన్సర్ వీధి అని పేరు పడిన ప్రాంతం వాళ్లది. 2018లో తన ఇంట్లోనే పది మందిని కూర్చోబెట్టి సంఘం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదికే 125 కోట్ల డాలర్ల ప్లాస్టిక్ కంపెనీ ఒకటి వెనక్కి పోయింది.

మన తెలుగు నేల మీద లేరా ఇట్లాంటోళ్లు? జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న దళిత మహిళలను చూడండి. బీడుపడ్డ భూముల్లో జొన్న, కొర్ర, సామ వేసి, ఆ విత్తనాలు దాచుకుంటూ వచ్చారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. అదే ఏడాది కృష్ణకు అవతల, అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం బోర్లు వేస్తామని వచ్చారు. చెంచులూ చుట్టుపక్కల ఊళ్లూ తిరగబడ్డాయి. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చెయ్యాల్సొచ్చింది.

ఇక మన సంగతి. ఇది గట్టిగా వినండి. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు చెంచు గూడేలూ సుగాలి తండాలూ ఉన్నాయి కానీ పల్నాడు షెడ్యూల్డ్ ఏరియా కాదు. 1/70 చట్టం మనకు వర్తించదు. పెసా వర్తించదు. మన్యం వాళ్లకున్న ఆ కంచె మనకు లేదు. మనకున్నదల్లా 2006 అటవీ హక్కుల చట్టం. అది ఏరియా చూడదు. అడవినీ నీటి వనరుల్నీ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది.

ఆ గ్రామసభకు ఊరి సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినోళ్లలో కనీసం మూడోవంతు ఆడవాళ్లుండాలి. అటవీ హక్కుల కమిటీలో కూడా మూడోవంతు ఆడవాళ్లే. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రావాలి. కాగితం మీద ఇంత ఉంది. నేను చూసిన ఒక ఊళ్లో, పేరు చెప్పను, మగవాళ్లు అరగంటలో సభ ముగించేసి, రిజిస్టరు ఇంటింటికీ పంపి ఆడవాళ్ల వేలిముద్రలు వేయించుకొచ్చారు. పొయ్యి దగ్గర కూర్చున్నామె చెయ్యి తుడుచుకుని ముద్ర వేసింది. దేనికని ఆమె అడగలేదు, వీళ్లు చెప్పలేదు. రేపు ఒక కంపెనీ వచ్చి ఆ రిజిస్టరే చూపిస్తే, మా ఆడవాళ్లు ఒప్పుకోలేదని ఏ మొహంతో చెప్తాం?

ఏ వాగు నిరుటి కంటే ముందే ఎండిందో, ఏ గుట్ట మీద గడ్డలు దొరకటం మానేశాయో, ఎండాకాలం బిందె కోసం ఇంకెంత దూరం నడవాల్సొస్తోందో నాకంటే, ఈ బల్ల వెనక ఉన్న అన్నలందరికంటే, ఆ వెనక కూర్చున్నోళ్లకు ఎక్కువ తెలుసు. వాతావరణ మార్పు మీద సెమినార్లు పెడతారు, ఆ సంగతి ఎవరూ వాళ్లను అడగరు. హేజెల్ జాన్సన్ అడిగింది, రాసింది. మనం కూడా అడుగుదాం. చదువుకున్న చెల్లెళ్లు గూడేనికి ఇద్దరు చొప్పున నోటు పుస్తకం పట్టుకుని నెల రోజులు తిరగండి. నీళ్లు, జబ్బులు, గడ్డలు, తేనె, పట్టా ఎవరి పేరున ఉంది, ఇవన్నీ రాయండి. తారీఖు వెయ్యండి. వచ్చే గ్రామసభలో ఆ పుస్తకం ముందు చదివించి, మినిట్స్‌లో ఎక్కించమని అడగండి. తమ్ముళ్లూ, మీ పనేందంటే ఆ పూట పిల్లల్ని చూసుకోవటం, పొయ్యి వెలిగించటం. నవ్వకండి, నిజంగానే అంటున్నా.

ఇక ఆపుతా. ఆ స్తంభం పక్కన కూర్చున్న అవ్వ ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తుతోంది. ఆ మైకు వైరు అక్కడిదాకా వస్తుందేమో చూడండయ్యా.